రెండో తూటా

"ఇంకో గంట పడతాది పెద్దాయనా, ఆ బల్ల మీద కూర్చో" అని చెప్పి బంట్రోతు లోపలికి పోయాడు. కమాల్ బాషా కూర్చున్నాడు. గంటంటే మాటలా? గంటలో తాను ఒక తుపాకిని మొత్తం విప్పి, తుడిచి, నూనె పెట్టి, మళ్ళీ బిగించి గోడకు ఆనించగలడు. కానీ ఈ ప్రొద్దుటూరు కోర్టు వరండాలో గంటసేపు ఉత్త చేతులతో కూర్చోవడం ఎట్లాగో అరవై ఒక్క ఏళ్ళలో ఎవరూ నేర్పలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు, బాగాలేదు. మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు, అదీ బాగాలేదు, తప్పు చేసి పట్టుబడ్డవాడిలా ఉంది. గోళ్ళ సందుల్లో మసి. పొద్దున సబ్బుతో రెండుసార్లు రుద్దినా పోని నలభై ఏళ్ళ మసి. తుపాకులు బాగుచేసేవాడి చేతులు ఇట్లాగే ఉంటాయని జడ్జమ్మకు తెలుసో లేదో, హంతకుడి చేతులు కూడా ఇట్లాగే ఉంటాయనుకుంటుందేమో. హంతకుడి చేతులైతే అదిగో, మెట్ల దగ్గర, తెల్లచొక్కా మడతలు నలగకుండా లాయర్ల మధ్య నిలబడి ఫోనులో నవ్వుతూ మాట్లాడుతున్న గుణశేఖర్ చేతులు, ఎంత శుభ్రంగా ఉన్నాయో, ఒక వేలికి పచ్చరాయి ఉంగరం కూడా ఉంది. బెయిలు మీద బయట తిరిగే మనిషికి ఎండ కూడా సోకదు కాబోలు. వరండా ఆ చివర, గచ్చు మీద, గోడకు వీపు ఆనించి షాహీదాబీ కూర్చుని ఉంది. ఆమె వైపు చూడకూడదనుకున్నాడు. చూశాడు. పక్కన ఎవరూ లేరు, ఒళ్ళో ఒక ప్లాస్టిక్ సంచి, దాన్ని రెండు చేతులా పట్టుకుని ఉంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

లాక్కుపోయారు కదా ఇప్పటికే. మొగుణ్ణి, ఇస్మాయిల్‌ని. చాపాడు దగ్గర రెండెకరాల చేను మిగిలింది, దాని చుట్టూ మూడు వైపులా గుణశేఖర్ వేసిన ప్లాట్ల రాళ్ళు. ఇస్మాయిల్ పద్నాలుగేళ్ళు కువైటులో ఎవరి బండో తోలి, ఎవరి పిల్లలనో బడికి దింపి, ఆ ఎండలో సంపాదించి కొనుక్కున్న రెండెకరాలు. నాలుగో వైపు కూడా రాళ్ళు పాతడానికి ఒకరోజు పొద్దున తొమ్మిదింటికి గుణశేఖర్ మనుషులతో వచ్చాడు, ఇస్మాయిల్ అడ్డం నిలబడ్డాడు, తుపాకి పేలింది, రెండుసార్లు. ఒకటి ఆకాశంలోకి, ఒకటి మనిషిలోకి. ఆ తుపాకిని అంతకు నెల ముందు బాగుచేసింది కమాల్ బాషా. అందుకే సమన్లు, అందుకే ఈ బల్ల. లోపలికి పిలిచి ప్రభుత్వ లాయరు అడుగుతాడు, తుపాకి సక్రమంగా ఉందా అని. గుణశేఖర్ లాయరు కూడా అదే అడుగుతాడు, కానీ వేరే జవాబు కోసం. నిన్న సాయంత్రం ఆ జవాబును పొట్లం కట్టి ఇంటికే తెచ్చాడు బట్టల కొట్టు రామకృష్ణయ్య. రెండు వైపులా తెలిసిన పెద్దమనిషి, పండక్కి సేమ్యాలు పంపించుకునేంత స్నేహం. మంచం మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, మెల్లగా మొదలుపెట్టాడు. "ఏముంది కమాలూ, ట్రిగ్గరు కొంచెం లూజుగా ఉండిందేమో, కింద దించుతాంటే దానంతట అదే పేలిందేమో, నేను సరిగా చూసుకోలేదేమో అను. ఏమో అను చాలు. నిన్నేం ఉరి తీయరు, లైసెన్సు పోతాది, అంతే గదా. కండ్లు కూడా ఆనడం లేదంటాండావు. అవతల పాప సాజియా ఆ బడిలోనే పని చేస్తాండాది గదప్పా, అది గుణశేఖరు బామ్మర్దిదే." ఎంత మెత్తగా చెప్పాడు! నలభై ఏళ్ళు ఒక మనిషి తన చేతులతో కట్టుకున్నదంతా ఒక్క 'ఏమో' కింద పెట్టి నలిపెయ్యమని బట్ట కత్తిరించినంత మెత్తగా చెప్పాడు. తలుపు వెనక నిలబడి విన్న సాజియా ఆయన పోయాక బయటికొచ్చింది. "నా ఉద్యోగం కోసరం నువ్వు పని రానోనివని చెప్పుకోవాకు నాయినా" అని మాత్రం అని, తెచ్చుకున్న పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంది. దానికి తెలీదు. కూతురికి తెలిసిందల్లా నాయన పని గొప్పది, నాయన మాట గట్టిది అని. ఆ మాట ఏమిటో, ఎప్పుడు ఆడిందో, ఎవరితో ఆడిందో తెలీదు.

ఆ తుపాకి. పన్నెండు బోరు, ఎత్తినప్పుడు ముందుకు తూగే బరువు, వాల్‌నట్ కట్టె మీద ఎవడో బుద్ధిలేనివాడు పూసిన వార్నీసు. గుణశేఖర్ పులివెందుల నుంచి తానే కారులో ప్రొద్దుటూరు కొట్టుకు తెచ్చాడు, గుడ్డలో చుట్టి, చంటిబిడ్డను డాక్టరు దగ్గరికి తెచ్చినట్టు. "నలుగుట్లో నవ్వులపాలైనా బాషా. మొదటిది పేలకపోయినా ఫర్వాలేదు, రెండోది మాత్రం రావాల" అన్నాడు. అప్పుడే ఆ మొహం చూసి ఉండాల్సింది. కానీ చూడలేదు, తండ్రి అట్లా నేర్పలేదు. పులివెందుల పాత బస్టాండు వెనక రేకుల కొట్లో అబ్దుల్ వాహిద్ కొడుకు చేతికి మొదటిసారి ఆకురాయి ఇస్తూ చెప్పింది ఒకటే. "తుపాకిని చూడాలరా, తెచ్చినోని మొగం చూడగూడదు. మొగాలు చూస్తే ఈ ఊర్లో కూడు పుట్టదు." ఎంత సుఖమైన మాట! పందుల కోసం చేలకాడ పడుకునే రైతు తుపాకి, బ్యాంకు గేటుకాడ నిలబడే రిటైరైన జవాను తుపాకి, పెళ్ళిళ్ళలో భుజాన వేసుకు తిరిగేవాడి తుపాకి, అన్నీ ఒకటే, ఇనుమూ కట్టే స్ప్రింగులూ. అందుకే మొహం చూడకుండా గుడ్డ విప్పాడు, బోల్టు వెనక్కి లాగి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, జబ్బు అప్పుడే సగం తెలిసిపోయింది. మిగతా తుపాకుల లాంటిది కాదది. ట్రిగ్గరు నొక్కితే తూటా పేలుతుంది, ఆ పేలిన పొగలో కొంత గొట్టం కింద ఉన్న సన్న బెజ్జాల్లోంచి దిగి పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ బోల్టును తోస్తుంది, ఖాళీ తూటా పక్కకు ఎగిరిపడుతుంది, వెనక కట్టెలో దాగిన స్ప్రింగు బోల్టును మళ్ళీ ముందుకు నెడుతుంది, వస్తూ వస్తూ అది కొత్త తూటాను ఎక్కించుకుని వస్తుంది. రెప్పపాటులో ఇంత సంసారం. ఇందులో ఏ ఒక్కటి బద్ధకించినా ఖాళీ తూటా సగం బయటికొచ్చి, అది ఎగిరిపడే కిటికీలోనే ఇరుక్కుంటుంది, రెండోది రాదు. గుణశేఖర్ తుపాకిలో అన్నీ బద్ధకించాయి. బెజ్జాలు మసితో పూడిపోయాయి, సూది కూడా దూరలేదు. కట్టెలోని గొట్టంలో ఎవడో ఆముదం పోసినట్టున్నాడు, అది ఎండి బంకయి స్ప్రింగును పట్టేసింది, స్ప్రింగు బయటికి లాగితే ఉండాల్సిన పొడుగులో ముప్పాతిక కూడా లేదు. ఖాళీ తూటాను పట్టి లాగే కొక్కెం కొన అరిగి గుండ్రంగా అయింది, పళ్ళూడిన ముసలిదాని నోరులా. పైగా వాడేది ఏళ్ళనాటి చెమ్మ పట్టిన తూటాలు, వాటికి తోసే బలమే లేదు.

పది రోజులు. ఆ పది రోజులు ఎంత బాగా గడిచాయో తలుచుకుంటే ఇప్పుడు ఒంటి మీద తేళ్ళు పాకినట్టుంది. బెజ్జాలు ఇత్తడి తీగతో తెరిచాడు, పెద్దవి కాకుండా, ఒక వెంట్రుకవాసి కూడా పెద్దవి కాకుండా. స్ప్రింగు చెన్నైలో తెలిసిన కొట్టు నుంచి తెప్పించాడు. కొక్కెం మాత్రం ఎక్కడా దొరకలేదు, ఉక్కు ముక్క తీసుకుని తానే ఆకురాయితో అరగదీశాడు, కాల్చాడు, నూనెలో ముంచాడు, మళ్ళీ అరగదీశాడు, మూడు కొక్కేలు పారేసి నాలుగోది నిలబెట్టాడు. కళ్ళు ఆనకపోయినా వేళ్ళకు ఆనింది. జమ్మలమడుగు అవతల తెలిసినవాళ్ళ నాపరాళ్ళ గనికి, మనుషులెవరూ లేని గోతిలోకి తీసుకుపోయి కొత్త తూటాలు ఐదు వేసి పరీక్ష చేశాడు. ఒక నొక్కుకు ఒకటి. ఐదు నొక్కులు, ఐదు మోతలు, ఐదు ఖాళీ తూటాలు కుడివైపు ఒకేచోట, ఎవరో చేత్తో పేర్చినట్టు. ట్రిగ్గరు సంగతి కూడా చూశాడు, గుండు లేకుండా కొయ్యసుత్తితో కట్టె మీద కొట్టి చూశాడు, నేలకు కుదేసి చూశాడు, నొక్కనిదే కదలదు. ఆ రాళ్ళ మధ్య ఒక్కడే నిలబడి నవ్వుకున్నాడు. సిగ్గులేని నవ్వు. సరిగ్గా పనిచేసే యంత్రం అంటే వాడికి, కమాల్ బాషాకు, పాట లాంటిది. రిజిస్టరులో రాశాడు, 'పూర్తిగా బాగైనది' అని, సంతకం చేశాడు. ఆ రిజిస్టరే ఇప్పుడు లోపల బల్ల మీద ఉంది, దాని మీద కోర్టు ముద్ర పడింది.

కానీ రిజిస్టరులో రాయనిది ఒకటుంది. అంతకు ముందు ఒక శుక్రవారం. ఇస్మాయిల్ ప్రతి శుక్రవారం నమాజుకు ప్రొద్దుటూరు వచ్చేవాడు, అయ్యాక కమాల్ బాషా కొట్టు ఎదుట టీ అంగడిలో ఇద్దరూ కూర్చునేవాళ్ళు, కువైటు ముచ్చట్లు చెప్పేవాడు, చెబుతూ తానే పడీ పడీ నవ్వేవాడు. ఆ రోజు ప్లాట్ల భూమిపూజ సంగతి చెప్పాడు. గుణశేఖర్ గాల్లోకి తుపాకి పేల్చాడంట, జనం అదిరిపడ్డారంట, రెండోసారి పేల్చబోతే కిర్రుమని ఇరుక్కుందంట, పూజ చేసే అయ్యవారు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడంట. "చేన్లో నిలబడి నేనూ నవ్వినా అన్నా, ఆయప్ప నా తట్టే చూసినాడు" అన్నాడు. అప్పుడు తాను, తుపాకుల పండితుడు, ఒక తుపాకి జబ్బు తెలిసినందుకు గర్వపడే ముసలి మూర్ఖుడు, టీ గ్లాసు పక్కన పెట్టి చెప్పాడు. "ఆ రకం తుపాకి జబ్బు నాకు తెలుసులేప్పా. ఒక్కసారే పేలతాది. ఆ తర్వాత అది తుపాకి కాదు, దుడ్డుకర్ర. చిన్నపిల్లోడు పోయి గుంజుకోవచ్చు." ఎంత నవ్వారు ఇద్దరూ! టీ అంగడివాడు కూడా నవ్వాడు. తర్వాత వారమే గుణశేఖర్ కారు వచ్చి కొట్టు ముందు ఆగింది. తుపాకి బాగయి పోయింది. ఆ తర్వాత మూడు శుక్రవారాలు, ఒకటి కాదు, రెండు కాదు, మూడు, ఇస్మాయిల్ వచ్చాడు, పక్కన కూర్చున్నాడు, టీ తాగాడు, నాలుగో వైపు కూడా కొలతలు వేస్తున్నారని చెప్పాడు, భయం లేదులే అని చెప్పాడు. తాను విన్నాడు. గిరాకీవాళ్ళ తుపాకుల గురించి బయట మాట్లాడకూడదు, అది వృత్తి మర్యాద. అదే అనుకున్నాడు, అక్షరాలా అదే, మర్యాద అని. నవ్వడానికి లేని మర్యాద నోరు విప్పాల్సినప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో! లేక అది కూడా కాదేమో, ఆ మాట గుర్తే రాలేదేమో, చమత్కారాలు ఎవడు గుర్తుపెట్టుకుంటాడు. విన్నవాడు పెట్టుకున్నాడు.

చూసినవాళ్ళు చెప్పారు, పోలీసులకు చెప్పింది తనకూ చెప్పారు. మొదటిది ఆకాశంలోకి పేలగానే అందరూ పరిగెత్తారు, ఇస్మాయిల్ పరిగెత్తలేదు. నవ్వాడు. "అయిపాయగా సామీ" అంటూ ముందుకు నాలుగు అడుగులు వేశాడు, చెయ్యి చాపాడు తుపాకి గుంజుకోవడానికి. నాలుగు అడుగులు. నాలుగు అడుగులు వేసేంతసేపు గుణశేఖర్ ఆలోచించుకున్నాడు, దానంతట అదే పేలడానికి తుపాకికి అంతసేపు పట్టదు. బోల్టు అప్పటికే వెనక్కి పోయి, ఖాళీ తూటాను కుడివైపు పారేసి, కొత్తదాన్ని ఎక్కించుకుని, తలుపు వేసుకుని కూర్చుని ఉంది, తాను చేసిన కొక్కెంతో, తాను తెప్పించిన స్ప్రింగుతో. బద్ధకం లేకుండా. ఆ నాలుగో కొక్కెం కూడా విరిగి ఉంటే. స్ప్రింగు చెన్నైలో దొరక్కపోయి ఉంటే. చేతకాని పనివాడై ఉంటే, రామకృష్ణయ్య చెప్పమన్నట్టే నిజంగా పని రానివాడై ఉంటే, ఈ పాటికి ఇస్మాయిల్ కొత్త కథ ఒకటి చెబుతూ పడీ పడీ నవ్వుతూ ఉండేవాడు.

"కమాలన్నా."

ఉలిక్కిపడ్డాడు. షాహీదాబీ ఎప్పుడు లేచొచ్చిందో, బల్ల పక్కన నిలబడి ఉంది. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చింది. "ముందు తాగు. పెదాలు ఎండిపోయినాయి." తీసుకున్నాడు, తాగకుండా పట్టుకున్నాడు. ఆమె కింద కూర్చుంది, మెట్ల దగ్గరి తెల్లచొక్కా వైపు చూడకుండా. "ఆ లాయరు నిన్ను తిప్పి తిప్పి అడుగుతాడంట అన్నా. బెదరొద్దు. నువ్వు అబద్ధం ఆడవని నాకు తెలుసు. మా ఇంటాయన ఎప్పుడూ నీ మాటే చెప్పేటోడు." సంచి ముడి బిగించుకుంది. మళ్ళీ తనలో తాను మాట్లాడుకున్నట్టు అంది. "ఒకటే అర్థంగాదన్నా. అందరూ ఉరికినారు గదా, ఈయనెందుకు ఉరకలా? ఆ ముందురోజు నాకు చెప్పినాడు, అది ఒక్కసారే పేలతాది, భయపడాకు అని. ఎవడో చెప్పినాడంట. ఎవుడన్నా వాడు? ఆ మాట చెప్పిన నోట్లో మన్నుబడ." సీసా మూత తిప్పి మళ్ళీ బిగించాడు. ఇప్పుడు చెప్పొచ్చు. ఇద్దరే ఉన్నారు, చిన్న గొంతుతో చెప్పొచ్చు, ఆమె అరిస్తే అరుస్తుంది, కొడితే కొడుతుంది. నోరు తెరిచాడు. "కాలం బాగలేదు షాహీదా" అంది నోరు. ఎంత నీచమైన నోరు! జోకు కావాల్సినప్పుడు జోకు వేస్తుంది, కాలం మీదికి తొయ్యాల్సినప్పుడు తోస్తుంది, దీని స్ప్రింగు మాత్రం ఎప్పుడూ అరగదు. ఆమె తలూపింది, కాలమే అన్నట్టు. అప్పుడే లోపల్నుంచి తన పేరు మూడుసార్లు పిలిచారు.

బోనులో నిలబడ్డాక చేతులకు పట్టుకోవడానికి కర్ర దొరికింది. తుపాకిని తెచ్చి చూపించారు, దారానికి కట్టిన చీటీతో, లక్క ముద్రతో. ఇదేనా? ఇదే. ఏమేం చేశావు? చెప్పాడు. బెజ్జాలు, స్ప్రింగు, కొక్కెం. చెబుతూంటే గొంతు తనకు తెలియకుండానే నిలదొక్కుకుంది, పని గురించి మాట్లాడితే ఎప్పుడూ అంతే. అప్పుడు గుణశేఖర్ లాయరు లేచాడు, మర్యాదస్తుడు, పెద్దాయనా అనే పిలిచాడు. కళ్ళు సరిగా కనపడవు కదా? అవును. చేతులు వణుకుతాయి కదా? ఇప్పుడు వణుకుతాండాయి సార్, పనిలో వణకవు. ట్రిగ్గరు ముట్టకుండా పేలే అవకాశం ఉంది కదా, తెలియకుండా పొరపాటు జరిగి ఉండొచ్చు కదా? 'ఏమో' అనే ఒక్క మాట కోసం అందరూ ఎదురుచూస్తున్నారు, బయట ఎక్కడో రామకృష్ణయ్య కూడా. "లేదు సార్" అన్నాడు. "అది నొక్కితేనే పేలతాది. ఒక నొక్కుకు ఒకటి. రెండోది పేలిందంటే రెండోసారి నొక్కినట్టు. నా పనిలో తప్పు లేదు." ప్రభుత్వ లాయరు మొహం విప్పారింది. గుణశేఖర్ మొదటిసారి ఇటు చూశాడు. ఇక చాలు, దిగొచ్చు అన్నారు. కమాల్ బాషా దిగలేదు. తలుపు దగ్గర షాహీదాబీ కొంగు కళ్ళకు అద్దుకుంటూ తనకు రెండు చేతులూ జోడించి ఉంది. ఆ చేతులు చూడలేకపోయాడు. ఆ దండం ఒంటి మీద పడితే ఇక ఇంటికి పోయి అన్నం తినలేడు.

"అమ్మా, ఇంకొకటుంది" అన్నాడు జడ్జితో. "ఆ తుపాకి ఒక్కసారే పేలతాదని ఇస్మాయిల్‌కు చెప్పింది నేను. టీ అంగడి కాడ, నవ్వుతా చెప్పినా. బాగుచేసినాక చెప్పలా. మూడు శుక్రవారాలు పక్కనే కూర్చున్నాడు, చెప్పలా."

ఇద్దరు లాయర్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మాటతో ఇద్దరికీ పని లేదు. జడ్జమ్మ కళ్ళద్దాలు తీసి ఒక క్షణం ఆయన్ని చూసింది, కోపంగా కాదు. "ఆ సంగతి మిమ్మల్ని ఎవరూ అడగలేదు కదా పెద్దాయనా. అడిగినదానికి చెప్పారు, చాలు" అంది. టైపు చేసే అమ్మాయి వేళ్ళు ఆగిపోయి ఉన్నాయి. చెప్పిందంతా చదివి వినిపించారు. బెజ్జాలున్నాయి, స్ప్రింగు ఉంది, కొక్కెం ఉంది, ఒక నొక్కుకు ఒకటి అని ఉంది. ఆ ఒక్క మాట లేదు. సంతకం పెట్టమన్నారు, పెట్టాడు. నలభై ఏళ్ళుగా పెడుతున్న సంతకమే, వంకర పోలేదు.

వరండాలోకి వచ్చేసరికి జేబులో ఫోను అదిరింది. సాజియా. "ఇప్పుడే పిలిచి చెప్పినారు నాయినా, రేపట్నుంచి రావద్దంట. నువ్వు నిజమే చెప్పింటావులే, ఏం గాదు" అంది, గొంతులో ఏడుపు లేకుండా ఉండటానికి ఎంత ప్రయత్నిస్తోందో తెలిసేంత మామూలుగా. సరేమ్మా అన్నాడు. పది నిమిషాలు కూడా కాలేదు, వాళ్ళ యంత్రాలు కూడా బద్ధకం లేకుండా పనిచేస్తున్నాయి. మెట్ల దగ్గర గుణశేఖర్ లేడు, కారు కూడా లేదు. ఎండలో చాపాడు ఆటోలు అరుస్తున్నాయి. షాహీదాబీ కోసం చూశాడు. ఆమె అప్పటికే మెట్లు దిగి గేటు దాకా పోయింది, సంచి చేతికి చుట్టుకుని, వెనక్కి తిరక్కుండా. పోనీ, అట్లానే పోతే పోనీ అనుకున్నాడు, తిట్టినా బాగుండు అనుకున్నాడు, రెండూ ఒకేసారి అనుకున్నాడు. గేటు దగ్గర ఆమె ఆగింది. తిరిగి ఎండలో అంత దూరం నడిచి వచ్చి కింది మెట్టు మీద నిలబడింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. శాపం పెట్టలేదు. అరవలేదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు, అంత నెమ్మదిగా అడిగింది.

"బాగైందని ఒక మాట చెప్పింటే ఆయప్ప కూడా ఉరికేటోడు గదన్నా?"

కమాల్ బాషా అవునన్నట్టు తలూపాడు. ఆమె ముసుగు సరిచేసుకుని, చాపాడు ఆటో ఎక్కింది.